ఇంటి బట్టకు చీటీ కుట్టరు

దగ్గరికి జరగండి. ఇంకొంచెం. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు కూడా లోపలికొచ్చి కూర్చోండి. నిలబడి విన్న కథ కాళ్ళలోకి దిగుతుంది గానీ తలలోకి ఎక్కదు. చేతిలో పనేదైనా ఉంటే తెచ్చుకోండి, చేతులు ఆడుతుంటే చెవులు బాగా పనిచేస్తాయి.

ఒక లాండ్రీ కొట్టు ఉండేది. ముందు బల్ల, బల్ల వెనక కడ్డీలకు వరసగా వేలాడే బట్టలు, వాటి వెనక ఆవిరితో ఎప్పుడూ మబ్బు పట్టినట్టుండే ఉతుకు గది, పైన ఒకటిన్నర గది ఇల్లు. ఆ అరగది సగం వంటకూ సగం పుస్తకాలకూ సరిపోయేది. కొట్టు యజమానురాలిని అందరూ లాండ్రీ అక్క అనేవాళ్ళు. ఆవిడకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవాళ్ళు. పిలిస్తే పిలవనీ, మురికి బట్టలు తెచ్చినవాడు ఏ వరస కలిపినా తప్పులేదని ఆవిడ నవ్వేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు, "తీరిక దొరకలేదు, మీ బట్టలే సరిపోయాయి" అనేది.

ఆవిడకు ఒక విద్య ఉండేది. కాలరు చూసి మనిషి సరిగ్గా నిద్రపోతున్నాడో లేదో చెప్పేది. కోటు మోచేతులు చూసి ఉద్యోగం కొత్తగా దొరికిందో, ఉన్నది ఊడిందో చెప్పేది. "నోరు అబద్ధమాడుతుంది గానీ బట్ట ఆడదు" అనేది.

ఆవిడకో కూతురు. తొమ్మిదేళ్ళది. పేరు గుండీ. బడిలో వేరే పేరుంది, అది బడికే. ఇంటికి వచ్చిన మొదటిరోజే, ఇంకా సరిగ్గా మాటలైనా రాని పిల్ల, కోటు నుంచి ఊడిపడ్డ గుండీ ఒకటి ఏరుకుని నోట్లో వేసుకుందట. కొట్టులో ఇస్త్రీ చేసే తాత వేలు పెట్టి బయటికి లాగేసరికి తాతకు పంటిగాటు మిగిలింది, పిల్లకు పేరు మిగిలింది. అప్పటినుంచీ కొట్టులో ఎక్కడ గుండీ రాలినా ఆ పిల్లదే. బిస్కట్ల డబ్బా నిండా దాచుకుంది.

ఇంటికి వచ్చిన మొదటిరోజు అన్నాం కదా. అవును, ఆ పిల్లను లాండ్రీ అక్క కనలేదు, పెంపకానికి తెచ్చుకుంది. అందులో దాపరికం లేదు. తలంటు పోసేటప్పుడల్లా, "నిన్ను నేను కనలేదురా, వెళ్ళి తెచ్చుకున్నాను" అని పాటలా చెప్పేది. గుండీకి ఆ మాట సబ్బు నురగలాగే అలవాటు. కళ్ళలో పడితే తప్ప మండేది కాదు.

మండింది ఎప్పుడంటే, ఆఖరి కడ్డీ దులిపే రోజున.

ఆ కొట్టులో అన్నిటికంటే వెనకున్న కడ్డీని ఆఖరి కడ్డీ అనేవాళ్ళు. ఉతికి ఇస్త్రీ చేసినా మనుషులు వచ్చి తీసుకెళ్ళని బట్టలన్నీ అక్కడ వేలాడేవి. ఏడాది చూసేవాళ్ళు. కబురు పెట్టేవాళ్ళు. అయినా రాకపోతే ఏడాదికోసారి ఆ కడ్డీ దులిపి, మూట కట్టి, అవసరమైన వాళ్ళకు ఇచ్చేసేవాళ్ళు. ఆ రోజు మూట కట్టడానికి పాత దుప్పటి తెమ్మని అమ్మ పైకి పంపితే, గుండీ ట్రంకుపెట్టె అడుగు దాకా వెతికింది. అడుగున ఓ చిన్న దుప్పటి దొరికింది. లేత పచ్చది. ఒక మూల నలిగి పీచు లేచిపోయింది. అది తన చిన్నప్పటిదని గుండీకి తెలుసు, ఫొటోలో చూసింది. విప్పి ముఖానికి ఆనించుకుంది. ఏదో గరుకుగా తగిలింది.

అంచు లోపలి పక్క వేలెడు గుడ్డ ముక్క కుట్టి ఉంది. దానిమీద చెరగని సిరాతో 417 అని రాసి ఉంది.

లాండ్రీలో పెరిగిన పిల్లకు అదేమిటో వేరే చెప్పాలా? కొట్టుకు వచ్చే ప్రతి బట్టకూ అమ్మ అలాంటి చీటీ కుడుతుంది. అదే నెంబరు వేసిన కాగితం టోకెన్ బట్టలిచ్చిన మనిషి చేతిలో పెడుతుంది. టోకెన్ తెచ్చినవాడిది బట్ట. చీటీ లేనివి రెండే రకాలు: గోడకు తగిలించిన తుడుపు గుడ్డలు, ఇంటి బట్టలు. గుండీ నాలుగేళ్ళప్పుడు తన బడి గౌనుకు కూడా చీటీ కుట్టమని మారాం చేస్తే అమ్మ అంది: "ఇంటి బట్టకు చీటీ కుట్టరే పిచ్చిమొహమా. మనవి మనకు తెలియవా?"

మరి ఈ దుప్పటికి చీటీ ఉంది.

గుండీ ట్రంకుపెట్టె పక్కన అలాగే కూలబడింది. కింద నుంచి అమ్మ, "పైనే కాపురం పెట్టావా ఏంటే?" అని కేకేసేదాకా లేవలేదు. వేరే దుప్పటి ఒకటి పట్టుకుని దిగింది. ఆఖరి కడ్డీ మీది బట్టలు ఒక్కొక్కటీ మూటలోకి వెళుతుంటే చూసింది. ఒక పిల్లల కోటు వంతు వచ్చినప్పుడు అడిగింది:

"అమ్మా, దీన్ని ఎవరో మర్చిపోయారా, కావాలనే వదిలేశారా?"

"ఎవరికి తెలుసు? చీటీ ఉంది గానీ మనిషి లేడు."

"తర్వాత వస్తే?"

"వస్తే అప్పుడు చూద్దాం. ఆ చివర పట్టుకో, గట్టిగా లాగు."

చూడండి, తల్లి మూట ముడి సంగతి ఆలోచిస్తోంది, పిల్ల తన పుట్టుక సంగతి ఆలోచిస్తోంది. ఒకే గదిలో ఇద్దరూ ఉండి, ఒకళ్ళ మనసు ఇంకొకళ్ళకు అందకపోవడం ఎన్ని ఇళ్ళలో లేదు?

ఆ వారమే బడిలో ఇంకో ముల్లు గుచ్చుకుంది. ఏదో ఫారం ఇచ్చారు. అమ్మ పేరుకో గీత, నాన్న పేరుకో గీత. రెండో గీత ఖాళీగా వదిలెయ్యమని టీచరమ్మ మంచిగానే చెప్పింది. పక్క బెంచీ పిల్ల తొంగిచూసింది. ఆ పిల్లది చెడ్డ బుద్ధేం కాదు, ఆరా తీసే బుద్ధి.

"మా అమ్మ తిడితే నేను మా నాన్న దగ్గరికి పోతా. మీ అమ్మ తిడితే నువ్వు ఎవరి దగ్గరికి పోతావే?"

"ఇస్త్రీ తాత దగ్గరికి."

"ఆయన సాయంత్రం వాళ్ళింటికి పోతాడుగా. సాయంత్రం తిడితే?"

గుండీ ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది. అమ్మ సాయంత్రం తిట్టిన రోజున తాను అమ్మ దగ్గరికే పోయిన సంగతి అప్పుడు గుర్తురాలేదు. సమయానికి గుర్తొచ్చే జవాబులు లోకంలో చాలా తక్కువ.

ఆ మర్నాడే గొడుగాయన వచ్చాడు.

అమ్మ పెద్ద హోటలుకు పరదాలు ఇచ్చి రావడానికి వెళ్ళింది. ఇస్త్రీ తాత వెనక గదిలో ఉన్నాడు. బల్ల దగ్గర ఎత్తు స్టూలు మీద గుండీ కూర్చుంది. బయట చినుకైనా లేదు, అయినా గొడుగు పట్టుకుని ఒక పెద్దాయన లోపలికి వచ్చాడు. చెవులు రెండూ బయటికి పొడుచుకుని ఉన్నాయి. గుండీ చెయ్యి తెలియకుండానే తన చెవి మీదికి పోయింది. ఆ పిల్ల చెవులూ అంతే. తాత వాటిని చేటలనేవాడు.

ఆయన చొక్కా జేబులోంచి కాగితం ముక్క తీసి బల్లమీద పెట్టాడు. పాత టోకెన్. గులాబీ రంగుది, ఇప్పుడు కొట్టులో వాడేవి తెల్లవి. మడతలో నలిగి మధ్య అంకె చెరిగిపోయింది. మొదట నాలుగు, చివర ఏడు.

"ఇది చాలా పాతది పాపా. ఎనిమిదేళ్ళ కిందటిది. మీ కొట్టుదేనా?"

గుండీ టోకెన్ మీదికి వంగింది. "మాదే. ఏం ఇచ్చారు?"

"అదే నాకూ తెలీదు. ఇచ్చింది మా ఆవిడ. ఆవిడ ఇప్పుడు లేదులే. మొన్న ఆవిడ పర్సు సర్దుతుంటే లోపలి అరలో కనిపించింది. ఏం వదిలిందో, ఎందుకు మళ్ళీ రాలేదో నాతో ఎప్పుడూ అనలేదు. ఏదైతే ఏంలే, ఆవిడది కాబట్టి నాకు కావాలి."

నాలుగు, ఏడు. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో ఏ అంకె పెట్టాలో లాండ్రీ పిల్లకు ఒకరు చెప్పాలా? ఒకటి దానంతట అదే వచ్చి కూర్చుంది. ఎనిమిదేళ్ళు. వదిలి వెళ్ళిన ఆవిడ. మళ్ళీ రాలేదు. పైగా ఆ చెవులు!

అప్పుడా పిల్ల మనసులో ఏం జరిగిందో తిన్నగా చెప్పడం కష్టం. స్టూలు దిగి పరిగెత్తాలనిపించింది. దాంతోపాటే, అదే క్షణంలో, ఫారంలోని రెండో గీత కళ్ళముందు మెరిసింది. ఆయన వేళ్ళు శుభ్రంగా ఉన్నాయి. గొంతు మెత్తగా ఉంది. సాయంత్రం అమ్మ తిడితే పోవడానికి పనికొచ్చే మనిషిలాగే ఉన్నాడు. అలా అనుకున్నందుకు వెంటనే ఏడుపొచ్చింది, అమ్మ వీపు వెనక ఏదో దొంగతనం చేసినట్టు.

ఆ గందరగోళంలో ఆ పిల్ల నోట్లోంచి వచ్చింది, లోకంలోని లాండ్రీ వాళ్ళందరి నోట్లోంచీ వచ్చే మాటే:

"రేపు రండి."

"రేపు ఇస్తారా?"

"రేపు రండి. టోకెన్ ఇక్కడ పెట్టి వెళ్ళండి."

ఆయన నవ్వి, గొడుగు ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. గుండీ టోకెన్ను గౌను జేబులో వేసుకుని, ఆవిరి గదిలోకి వెళ్ళి, ఇస్త్రీ తాత బల్లకింద కూర్చుంది. చిన్నప్పటినుంచీ అదే ఆ పిల్ల చోటు. పైన తాత చేతులు, కింద వెచ్చటి చీకటి.

"తాతా, ఎన్నేళ్ళయినా టోకెన్ తెస్తే ఇవ్వాల్సిందేనా?"

"బోర్డు మీద ఏం రాసుందే?"

బోర్డుమీద 'టోకెన్ తెండి, వస్తువు తీసుకెళ్ళండి' అని ఉంటుంది. అమ్మే రాయించింది.

"వేరేవాళ్ళకి ఇచ్చేశాక వస్తే?"

"ఇచ్చేశాకా?" తాత ఇస్త్రీ పెట్టె నిలబెట్టి చెమట తుడుచుకున్నాడు. "నీకు ఆ నల్లకోటు సంగతి చెప్పలేదూ? ఏడాది దాటినా దిక్కూమొక్కూ లేదని మీ అమ్మ దాన్ని గేటు కాపలా అతనికి ఇచ్చేసింది. మూడో ఏడు కోటుగలవాడు టోకెన్ పట్టుకుని దిగాడు. మీ అమ్మ ఏం చేసిందనుకున్నావ్? ఆ కాపలా అతనికి కొత్త కోటు కుట్టించి, పాతది బతిమాలి వెనక్కి తెచ్చి, మళ్ళీ ఉతికి చేతిలో పెట్టింది! మీ అమ్మ మాటంటే మాటే. సూర్యుడు ఒకరోజు సెలవు పెడతాడేమో గానీ మీ అమ్మ టోకెన్ తప్పదు."

తాత గొప్పగా చెప్పాడు. పిల్లకేమో గుండెలో రాయి పడింది.

"ఆ కాపలా అతను ఏడ్చాడా?"

"కోటు కోసం ఎవడైనా ఏడుస్తాడటే? కొత్తది వచ్చిందిగా!"

అమ్మకు కూడా కొత్తది వస్తుందేమో అనుకుంది గుండీ. ఆ ఆలోచన అన్నిటికంటే చేదుగా ఉంది.

అమ్మకు చెబుదామా? చెబితే అమ్మ మాట తప్పదు. చెప్పకుండా టోకెన్ దాచేస్తే అది దొంగతనం, అదీ అమ్మ కొట్టులోనే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అమ్మ వచ్చింది, వడ్డించింది, తినలేదేమని అడిగింది, నుదురు తాకి చూసింది. గుండీ మింగలేక కక్కలేక అమ్మ కొంగునే చూస్తూ కూర్చుంది. ఆ కొంగుకు చీటీ ఉండదు. ఇంటి బట్ట కదా.

మర్నాడు బడికి సెలవు. పొద్దున్నే గుండీ తన మంచి గౌను తనే ఉతుక్కుంది. తాతను బతిమాలి ఇస్త్రీ చేయించుకుంది. తల దువ్వుకుంది. బడి సంచిలో రెండు జతల బట్టలు, బిస్కట్ల డబ్బా పెట్టుకుంది. పచ్చ దుప్పటిని కొట్టులో అందరూ మడిచే తీరులోనే, చీటీ పైకి కనిపించేలా మడిచింది. ఇచ్చే వస్తువు శుభ్రంగా ఇవ్వాలి. అది కూడా ఆ కొట్టు మాటే.

"ఏంటే ఈ పెళ్ళికూతురి సోకు?" అంది అమ్మ.

"ఊరికే."

"ఊరికే నువ్వు తల దువ్వుకున్న రోజు ఉందా?" అని అమ్మ నవ్వి బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

పదకొండు గంటలకు గొడుగు వచ్చింది, దాని వెంట ఆయన. గుండీ వేలాడే కోట్ల మధ్య నిలబడి వింది.

"నిన్న చిన్నమ్మాయి రేపు రమ్మందండీ. టోకెన్ ఆమె దగ్గరే ఉంది. ఎనిమిదేళ్ళ కిందటిది, మా ఆవిడది. అసలిప్పటిదాకా ఉంచుతారని కాదు గానీ..."

"ఉంచుతామని చెప్పలేనండీ. ఎవరికైనా ఇచ్చేసి ఉంటాం. కానీ టోకెన్ తెచ్చినవాళ్ళకి లేదని చెప్పే అలవాటు నాకు లేదు. ఎక్కడున్నా సరే తెచ్చి మీ చేతిలో పెడతాను" అంది అమ్మ.

అంది! అమ్మే అంది. ఇంకేముంది?

"గుండీ! టోకెన్ ఏదే?"

కోట్లు పక్కకు జరిగాయి. ఇస్త్రీ గౌను వేసుకుని, భుజాన సంచితో, చేతుల్లో దుప్పటితో పిల్ల బయటికి వచ్చింది. బల్ల ఎత్తుకు మునివేళ్ళమీద లేచి, దుప్పటి బల్లమీద పెట్టింది. దానిమీద గులాబీ టోకెన్ పెట్టింది. తర్వాత బల్ల అవతలికి నడిచి వెళ్ళి, గొడుగాయన పక్కన నిలబడింది. లాండ్రీ మనిషి వస్తువు అప్పగించేటప్పుడు చెప్పాల్సిన మాటలన్నీ వరసగా, కాస్త తడబడుతూ చెప్పింది:

"నెంబరు సరిపోయింది. ఉతికి ఉంది. ఒక మూల పీచు లేచింది, అది ముందునుంచీ ఉన్నదే, మేం చేసింది కాదు." ఊపిరి పీల్చుకుంది. "శనివారాలు మాత్రం నన్ను ఇక్కడికి పంపండి. గుండీలు ఏరాలి."

వెనక ఆవిరి బుస్సుమంది. ఇస్త్రీ తాత తలుపు దగ్గరికి వచ్చి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. గొడుగాయన ఒకసారి దుప్పటినీ, ఒకసారి పిల్లనీ, ఒకసారి అమ్మనీ చూశాడు.

"మా ఆవిడ... పిల్లని..." అన్నాడు, తలా తోకా తెలియక.

అమ్మ చేతికి దుప్పటి తగిలింది. వేలితో చీటీ తడిమింది. అప్పుడు ఆవిడకు మొత్తం అర్థమైపోయింది. మరక చూసి మనిషి కథ చెప్పే ఆడమనిషి, ఇంట్లో కూతురి ముఖం మీద అన్ని రోజులుగా ఉన్నది చదవలేకపోయింది. ఆ సిగ్గు ఆవిడ ముఖంలో కనిపించింది.

"ముందు మీ పని చూద్దామండీ" అంది గొడుగాయనతో. తర్వాత ఇస్త్రీ తాత వైపు తిరిగింది. "బాబాయ్, అటక మీద గులాబీ టోకెన్ల నాటి రిజిస్టరు దించు. గుండీ, నువ్విటు రా. ఇటు. నా పక్కకి."

గుండీ కదల్లేదు. ఎటు పక్క నిలబడాలో నిజంగానే తెలియలేదు. అమ్మే బల్ల దాటి వచ్చి, పిల్ల భుజమ్మీది సంచి తీసి తన భుజాన వేసుకుంది.

రిజిస్టరు దిగింది. దుమ్ము దులిపారు. గొడుగాయన భార్య పేరు చెప్పాడు, అమ్మ వేలితో వరసలు వెతికింది. దొరికింది. నెంబరు 457. 'ఊదా స్వెటరు. మెడ దగ్గర ఒక గుండీ లేదు.' పక్కన ఎర్ర సిరాతో, 'మూటలో ఇచ్చాం.'

"గుండీ లేదా!" అని ఆయన నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆవిడ బట్టల్లో గుండీలన్నీ ఉన్నది ఒక్కటి కూడా లేదండీ. చలికాలమంతా మెడ దగ్గర పిన్ను పెట్టుకునే తిరిగేది."

"ఎవరికి ఇచ్చామో రాయలేదండీ. తప్పు నాదే. కనుక్కుంటాను."

"వద్దమ్మా. ఎవరో తొడుక్కుని ఉంటారు, తొడుక్కోనివ్వండి. ఈ ఒక్క వరస చదివించారు, చాలు."

గుండీకి అంతా వినబడుతోంది గానీ ఏదీ కుదురుగా లోపలికి పోవడం లేదు. "417 ఏముంది?" అంది.

అమ్మ వేలు పైకి జరిగింది. "రెండు కిటికీ పరదాలు. తీసుకెళ్ళారు."

పరదాలు! హమ్మయ్య అనిపించింది పిల్లకు. ఆ హమ్మయ్య వెనకే, చెబితే మీరు నమ్మరు, చిన్న వెలితి కూడా వచ్చి నిలబడింది. ఆయన వెళ్ళిపోతాడు. చెవులు ఊరికే చెవులు.

అమ్మ భుజానికున్న సంచిలోంచి గుండీ తన బిస్కట్ల డబ్బా లాగి, బల్లమీద బోర్లించింది. గుండీలన్నీ గలగలా దొర్లాయి. వాటిలో ఊదా రంగుది ఒకటుంది, అంచు కాస్త పగిలింది. ఆయన ముందు పెట్టింది.

"ఇది ఆవిడదేనా?" అన్నాడాయన.

"తెలీదు. కిందపడితే ఏరుకున్నా. ఎప్పుడో గుర్తులేదు."

ఆయన దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. అవుననలేదు, కాదనలేదు. జేబులో వేసుకుని, పిల్ల తలమీద చెయ్యి పెట్టి, గొడుగు మర్చిపోయి వెళ్ళిపోయాడు.

అమ్మ కొట్టు తలుపు వేసింది. నడిపొద్దున, పనిరోజున! అది ఇస్త్రీ తాత తన జన్మలో రెండోసారి చూశాడు. మొదటిసారి సంగతే ఇప్పుడు అమ్మ చెప్పబోయేది.

"ఇది కొట్టుకొచ్చే బేరాల చీటీ కాదే" అంది, దుప్పటి ఒళ్ళో వేసుకుని. "ఆ రోజుల్లో పిల్లల హోము బట్టలు నేనే ఉతికేదాన్ని. వాళ్ళకి ప్రతి దుప్పటికీ ఉండిపోయే చీటీ కుట్టమన్నారు, కలిసిపోకుండా. నాలుగో గది, పదిహేడో ఊయల. అదీ నాలుగొందల పదిహేడు. నా చేత్తోనే కుట్టాను."

"నేనెవరో తెలియకుండానా?"

"తెలియకుండానే. వారం వారం ఇది వచ్చేది. వచ్చినప్పుడల్లా ఈ మూల ఒక్కటే తడిసి నలిగి ఉండేది. ఎవరో బాగా నములుతున్నారు అనుకునేదాన్ని. పాల మరక ఉండేది, చన్నీళ్ళతో వదిలించేదాన్ని. మూల పోయిందని చిన్న అతుకు వేశాను. మళ్ళీ వారం చూస్తే ఆ అతుకునీ నమిలేశావు. నాకు నవ్వొచ్చేది. ఈ దుప్పటి పిల్ల మొండిది బాబాయ్ అనేదాన్ని తాతతో."

"అన్నావు, అన్నావు" అన్నాడు తాత వెనకనుంచి. "బట్టల మూట విప్పగానే ముందు దాన్నే వెతికేదానివి."

"ఒక వారం ఇది రాలేదు. రెండో వారమూ రాలేదు. నాకు చేతులాడలేదు. కొట్టు మూసి వెళ్ళాను. నువ్వు ఊయల కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నావు, దుప్పటి చంకలో. మట్టికొట్టుకుపోయి ఉంది. ఉతకడానికి లాగితే ఇల్లెగిరిపోయేలా ఏడుస్తోందమ్మా, ఇవ్వట్లేదు అంది అక్కడి ఆయా. దాన్ని ఉతకాలంటే నిన్ను కూడా తేవాల్సి వచ్చింది."

గుండీ నవ్వబోయి ఆగింది.

"అంత తొందరగా ఇవ్వలేదులే. ఏడాది తిప్పారు. మొగుడు లేకుండా ఎలా పెంచుతావని అడిగారు. ఊరందరి మురికీ వదిలిస్తున్నా, ఒక పిల్ల ముక్కు తుడవలేనా అన్నాను. చివరికి జడ్జిగారు సంతకం పెట్టారు. ఆ కాగితం మీద ఎవరో వచ్చి అడిగితే ఇచ్చెయ్యాలని లేదు. టోకెన్ లేదు దానికి. రెండో సగం ఎవరి దగ్గరా లేదు."

"నాలుగో గదికి ముందు ఎక్కడున్నా?"

"తెలీదు."

"నీకు తెలుస్తుందిగా. బట్ట చూసి అన్నీ చెప్తావుగా."

అమ్మ దుప్పటిని అటూ ఇటూ తిప్పింది, ఇప్పుడైనా ఏదైనా కనిపిస్తుందేమో అన్నట్టు. "నీ నోటి తడి ఒక్కటే ఉంది దీనిమీద. అంతకుముందుది నా చేతికి వచ్చేసరికే ఎవరో ఉతికేశారు తల్లీ. ఎంత చూసినా కనిపించదు. తెలిస్తే చెప్పనా?"

గుండీ సంతోషపడాలో ఏడవాలో, ఎవరిమీద అలగాలో తేల్చుకోలేకపోయింది. కాసేపటికి, "నిన్న నేను ఆయన మంచాయన అనుకున్నా. ఆయన ఉంటే బాగుండనుకున్నా. నువ్వూ, ఆయనా" అంది, నేల చూస్తూ.

"అనుకుంటే అనుకో. అది మరక కాదులే, వదిలించడానికి" అంది అమ్మ. అంటున్నప్పుడు ఆవిడ దుప్పటి మడత రెండుసార్లు విప్పి మళ్ళీ వేసింది. పిల్ల అది గమనించింది, గమనించనట్టు ఊరుకుంది.

అప్పుడు అమ్మ సొరుగులోంచి చిన్న కత్తెర తీసి పిల్ల చేతిలో పెట్టింది. "ఇంటి బట్టకు చీటీ ఎందుకు? విప్పేస్తావా?"

గుండీ చీటీ పట్టుకుంది. ఒక పక్క కుట్లు ఒక్కొక్కటే తెంపింది. రెండో పక్కకు వచ్చేసరికి కత్తెర ఆగింది. అది తీసేస్తే నాలుగో గది కూడా పోతుంది. నాలుగో గది పోతే ఆ ముందున్నదానికి దారే ఉండదు. ఉంచితే, తనది ఇంటి బట్ట కాదా? పిల్ల అమ్మ ముఖంలోకి చూసింది. ఆవిడకూ తెలియదు మరి.

"ఇది ఇలా ఉండనీ" అంది గుండీ.

"ఉండనీ" అంది అమ్మ, కొట్టు తలుపు తీయడానికి లేస్తూ.

ఇప్పటికీ ఆ దుప్పటి అంచున ఆ చీటీ ఒక పక్కే అంటుకుని, రెండో పక్క జెండాలా ఊగుతూ ఉంటుంది. గొడుగు మాత్రం చీటీ కుట్టించుకుని ఆఖరి కడ్డీకి ఎక్కింది. దానికోసం ఆయన వారంవారం వస్తాడు, వచ్చిన ప్రతిసారీ మళ్ళీ మర్చిపోయి వెళతాడు. శనివారం వచ్చినప్పుడు గుండీకి లెక్కలు చెబుతాడు. ఆ రెండో గీత సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇక లేవండి, పొద్దుపోతోంది. అయితే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఎక్కడో అక్కడ ఒక పిల్ల మీ ఒళ్ళో తలపెట్టి, నేనెవరి దాన్ని అని అడిగితే, ఈ లాండ్రీ కొట్టు కథ చెప్పండి. చెప్పేటప్పుడు ముద్దు కోసం ఆ ఊదా గుండీ ఆ స్వెటరుదేనని మాత్రం కలిపెయ్యకండి. అదో కాదో ఎవరికీ తెలీదు. తెలియనిది తెలియదనే చెప్పి, అప్పుడు పిల్లను దగ్గరికి తీసుకోండి.